పురీక్షేత్రమున సముద్రస్నానమైన పిదప

నేడు మన తెలుగు యాత్రికులలో అధికులు పురీక్షేత్రమునకు పోయివచ్చు పద్ధతి ఒక్కటే. తెల్లవారుజామున రైలు దిగుదురు. స్వర్గద్వారమున సముద్రస్నానము చేయుదురు. ఆలయమునకు పోయి, వరుసలో నిలిచి, జగన్నాథ బలభద్ర సుభద్రలను దర్శింతురు. సాయంకాలము మరల ఇసుకపై కూర్చుండి, మరునాడు కోణార్కమును, చిలుక సరస్సును చూచి ఇల్లు చేరుదురు. ఇందులో దోషమేమియు లేదు. కాని శంఖాకారముగా నున్నదని పెద్దలు వర్ణించిన ఆ క్షేత్రమున వారు చూచినవి రెండే: గర్భాలయము, సముద్రతీరము. ఆ రెంటికిని నడుమ నున్నదియు, చుట్టునున్నదియు చూడకయే మరలి వచ్చిరి. ఎనుబది యేండ్ల తల్లిదండ్రులను తోడ్కొని పోయినవారు సైతము బస్సువాడిచ్చిన గంటన్నర వ్యవధిలో దర్శనము ముగించుకొని వచ్చుట విన్నప్పుడు మనస్సు చివుక్కుమనును. ఆ వృద్ధులకు మరల పురీయాత్ర లభించునా? తీర్థమునకు పోయినవారు మూడు రాత్రులు నివసింపవలెనని మన పెద్దల ఆచారము. ఆ మూడు దినములును పురిలో ఎట్లు గడపవచ్చునో చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట సముద్రము మాటయే చెప్పుదును. పురిలో సముద్రము విహారస్థలము కాదు. అది మహోదధి యను తీర్థము. సామాన్యముగా పర్వదినములందు తప్ప సముద్రమును తాకరాదని ధర్మశాస్త్రకారులు నియమించిరి. క్షేత్రములందు సంకల్పపూర్వకముగా చేయు స్నానమునకు వేరుగా విధి కలదు. ఇచ్చటి పంచతీర్థములలో మహోదధి ఒకటి. మార్కండేయ సరస్సు, శ్వేతగంగ, రోహిణీకుండము, ఇంద్రద్యుమ్న సరస్సు తక్కిన నాలుగు. వటవృక్షమును, కృష్ణబలరాముల దర్శనమును చేర్చి చెప్పు పౌరాణిక క్రమము మరియొకటి కలదు. నేడు పురిలో వాడుకలో నున్నది పై లెక్కయే. కనుక కెరటములలో మునిగి లేచినవాడు అయిదింట ఒక్కటి మాత్రమే పూర్తిచేసినాడు. నాలుగు మిగిలియున్నవి. అవి నాలుగును ఊరిలోనే యున్నవి.

సముద్రస్నానమున జాగ్రత్త వలయును. పురి కెరటములు బలమైనవి. కాలిక్రింది ఇసుక లాగివేయును. తలపై తెల్లని కోపు టోపీ ధరించి తీరమున నిలుచు నోలియాల చేయి పట్టుకొని దిగుట మేలు. ఈ నోలియాలు మన తీరమునుండి వలసపోయిన మత్స్యకారుల సంతతివారు. తరములు గడచినను ఇండ్లలో తెలుగే మాటలాడుదురు. తీరమున ఈశాన్యముగా పెంటకోట యను వారి పల్లె కలదు. "ఏ ఊరు నాయనా?" అని తెలుగున పలుకరించి చూడుడు, వారి ముఖములు వికసించును, మీకును పరదేశమున నున్నామను భావము తొలగును.

తీరము వెంబడి చక్రతీర్థము వైపు పోవునప్పుడు బేడీ హనుమంతుని చిన్న గుడి కనబడును. సముద్రము ఊరిలోనికి రాకుండ కాపాడుమని జగన్నాథుడు హనుమంతుని నియమించెనట. ఆయన స్వామి కార్యము మరచి అయోధ్యకు పోయి వచ్చెనట. ఆ సమయమున సముద్రము ఊరిలో చొరబడెను. అందువలన ఆయన పాదములకు బేడీలు వేసి అచ్చటనే నిలిపిరని స్థానికుల కథ. తిరుమలలో శ్రీవారి ఆలయమున కెదురుగా నున్న బేడి ఆంజనేయస్వామి మనకందరకు తెలిసినవాడే. అచ్చట అల్లరి మాన్పుటకు తల్లి వేసిన బేడీలు, ఇచ్చట కావలి తప్పినందులకు స్వామి వేసిన బేడీలు. రెండు చోట్లను భక్తుడే బందీ.

సముద్రమునుండి ఆలయమునకు పోవు దారిలోనే శ్వేతగంగ యున్నది. మెట్లు దిగి చాల లోతునకు పోవలసిన కోనేరు. గట్టుపై శ్వేతమాధవ, మత్స్యమాధవుల ఆలయములున్నవి. దాని సమీపముననే గంగామాతా మఠము కలదు. అది ఒకప్పుడు వాసుదేవ సార్వభౌమ భట్టాచార్యుల నివాసమని ప్రసిద్ధి. ఆయన ఆ కాలమున మహాతార్కికుడు, వేదాంతమున ఉద్దండుడు. చైతన్యులు 1510 లో పురి చేరినప్పుడు ఆ యువసన్న్యాసిని కూర్చుండబెట్టుకొని ఏడు దినములు వేదాంతము చెప్పెను. శిష్యుడు ఒక్క మాటయు పలుకలేదు. ఎనిమిదవ దినమున గురువే శిష్యుడయ్యెనని చైతన్య చరితామృతము చెప్పును. శాస్త్రము చదివినవారు, చదువదలచినవారు ఆ మఠమున ఒక అరగంట కూర్చుండుట ఉచితమని నా యభిప్రాయము.

రోహిణీకుండము ఆలయ ప్రాకారములోనే, విమలాదేవి గుడి యొద్ద నున్నది. చిన్న కుండము, తెలిసినవారు చూపనిదే కంటబడదు. ఈ జలస్పర్శచేత ఒక కాకి చతుర్భుజ రూపము పొందెనని స్థలపురాణము. విమలాదేవి శక్తిపీఠాధిష్ఠాత్రి. జగన్నాథునకు నివేదించిన అన్నము ఈ తల్లికి నివేదింపబడిన పిదపనే మహాప్రసాదమను పేరు పొందును. ఈ సంగతి ఎరుగక చాలమంది ఆమె గుడి ముందుగా నడచిపోవుచుందురు.

ఆలయమును గూర్చి మన ప్రాంతమువారు తెలిసికొనదగిన విషయమొకటి కలదు. నేటి మహాలయమును 12వ శతాబ్దిలో ఆరంభించినవాడు తూర్పు గాంగవంశజుడైన అనంతవర్మ చోడగంగదేవుడు. ఆ వంశమువారి రాజధాని కళింగనగరము మన శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమే యని చరిత్రకారులలో అధికుల నిర్ణయము. రామానుజాచార్యుల కథయు మనకు సంబంధించినదే. ఆయన ఇచ్చట పాంచరాత్ర పద్ధతిని ప్రవేశపెట్ట దలచిరనియు, తన సేవకుల పూర్వాచారమును మార్చుట ఇష్టపడని స్వామి రాత్రికి రాత్రి నిద్రించుచున్న ఆచార్యుని శ్రీకూర్మమునకు చేర్చెననియు శ్రీవైష్ణవ సంప్రదాయగాథ. శ్రీకూర్మమున మేల్కొనిన ఆచార్యుడు అచ్చటి కూర్మనాథుని సేవించెను. పురికి పోవునపుడో వచ్చునపుడో శ్రీకాకుళమున దిగి శ్రీకూర్మమును దర్శించువారు ఈ కథను తలచుకొనిన ఆ రెండు క్షేత్రములకును గల బంధము బోధపడును.

ఆలయ ప్రాంగణమున దక్షిణ భాగముననున్న ముక్తిమండపమును తప్పక చూడవలెను. పదునారు స్తంభముల మండపమది. శాసన గ్రామముల బ్రాహ్మణ పండితులు అచ్చట కూర్చుండి ధర్మసందేహములు తీర్చుదురు. గోవర్ధన మఠాధిపతులైన శంకరాచార్యులకు ఆ సభయందు అగ్రస్థానము. నాలుగు దిక్కుల ఆమ్నాయ పీఠములలో తూర్పుదైన ఆ గోవర్ధన మఠము స్వర్గద్వారమునకు సమీపముననే యున్నది, సాయంకాలమున పోవచ్చును. లోపల జయవిజయ ద్వారము వద్ద 1499 నాటి ప్రతాపరుద్ర గజపతి శాసనము కలదు. స్వామి సన్నిధిని గీతగోవిందము తప్ప వేరొకటి పాడరాదని అందలి ఆజ్ఞ. మన ఇండ్లలో, భజన మందిరములలో ఆడవారు పాడుకొను అష్టపదులు నేటికిని రాత్రి శయనసేవ వేళ ఆ స్వామి యెదుట వినబడుచున్నవి.

దర్శనమైన పిదప ఆకలి వేయును. అప్పుడు హోటలు వెదకుకొనుట పురిలో చేయరాని పని. వెలుపలి ప్రాకారమున ఈశాన్య దిక్కున ఆనందబజారు కలదు. స్వామి వంటశాలలో కట్టెల పొయ్యిలపై మట్టికుండలలో వండిన అన్నము, పప్పుకూరలు, పాయసములు నివేదన, విమలాదేవి ఆరగింపు అయిన పిదప అచ్చటికి వచ్చును. కుండపై కుండ పేర్చి వండుదురు. పై కుండయే ముందు ఉడుకునని చెప్పుదురు. ఒకసారి వాడిన కుండ మరల వాడరు. బంగాళాదుంప, టమాట, క్యాబేజీ, కాలీఫ్లవరు వంటి పరదేశపు కూరలు ఆ వంటశాల గడప దాటవు. చేమ, కంద, గుమ్మడి, అరటికాయ, కొబ్బరి, బెల్లము, నేయి వీనితోనే వంట. మహాప్రసాదమును బల్లపై పెట్టుకొని తినరు. నేలపై కూర్చుండి, ఆకులో పెట్టుకొని, ప్రక్కవాడెవడని విచారింపక తినవలెను. మడి ఆచారము గట్టిగా పాటించు కుటుంబములవారు సైతము అచ్చట ఎంగిలి శంక మానుదురు. ధర మొదటనే అడిగి తెలిసికొని, మీరే స్వయముగా పోయి కొనుట మంచిది. పొడి ప్రసాదములలో ఖాజా ఊరికి తెచ్చుకొనదగినది. మన తాపేశ్వరం కాజా తినిన నాలుకకు అది చుట్టమువలె తోచును.

విరాళములిచ్చు స్తోమత గలవారికి ఒక్క మాట. హుండీలో వేయునది వేయుడు. దానితోబాటు, ఆనందబజారున ఇద్దరకు సరిపడు అన్నము అధికముగా కొని, వెలుపల బడదండ ప్రక్కన కూర్చున్న నిస్సహాయులకు మీ చేతితో ఇండు. ఈ పనికి రసీదు రాదు. కాని ఆ క్షేత్రమున ఇట్టి పనికి గొప్ప పూర్వోదాహరణము కలదు; అది చెప్పవలెనన్న హరిదాసుని కథ చెప్పవలెను.

ఆలయమునకు కొంత దూరమున సిద్ధబకుళమను చోటు కలదు. ఒక పొగడచెట్టు, చిన్న ఆవరణము, అంతే. మహమ్మదీయ కుటుంబమున పెరిగినవాడని చెప్పబడు హరిదాస ఠాకూరు అచ్చట దినమునకు మూడు లక్షల నామములు జపించుచు జీవించెను. తాను ఆలయములోనికి పోదగనని ఆయన నియమము. అచ్చటినుండియే శిఖరముపై నీలచక్రమునకు మ్రొక్కుకొనెడివాడు. ఆయనకు మహాప్రసాదము ప్రతిదినము చైతన్యులే పంపుచుండెడివారు. హరిదాసుడు దేహము చాలించినప్పుడు చైతన్యులు తామే ముందు నడచి సముద్రతీరమున ఇసుకలో ఆయనకు సమాధి చేయించిరి. ఆపై సింహద్వారము వద్ద ప్రసాదము అమ్ముకొనువారి యెదుట ఉత్తరీయము చాచి, హరిదాసుని ఉత్సవమునకై భిక్ష యాచించిరి. ఎంతటి రాజులు పాదములపై పడినను ఏమియు కోరని సన్న్యాసి ఆ దినమున కొంగు చాపెను. నేడు ఆ సమాధి స్వర్గద్వార ప్రాంతమున వసతి గృహముల నడుమ నున్నది. సముద్రమునకు పోవు వేలకొలది జనులు దాని ప్రక్కనుండియే నడచుచు దానిని ఎరుగరు.

చైతన్యులు సన్న్యసించిన తరువాతి ఇరువది నాలుగేండ్లలో కడపటి పదునెనిమిదియు పురిలోనే గడపిరి. వారు నివసించిన గది గంభీర యనబడును; కాశీమిశ్రుని ఇంటిలోనిది, నేడు రాధాకాంత మఠము. మిక్కిలి చిన్న గది. వారి పాదుకలు, కమండలువు, బొంత అచ్చట భద్రపరచియున్నారు. ఆ గదిలో రాత్రులందు వారి చెంత కూర్చుండినవారు ఇద్దరు: స్వరూప దామోదరుడు, రామానందరాయలు. ఈ రామానందరాయలు మన గోదావరి మండలమును గజపతుల పక్షమున పాలించిన అధికారి. చైతన్యులు దక్షిణయాత్రలో శ్రీకూర్మమును, సింహాచలమును సేవించి గోదావరి తీరము చేరినప్పుడు వీరిరువురకు సమాగమమైనది. రాయలు ఆపై అధికారము విడిచి పురి చేరెను. బడదండ సమీపమున జగన్నాథవల్లభ మను తోట ఆయన పేరుతో ముడివడియున్నది. అదే పేరుతో ఆయన సంస్కృత నాటకము రచించెను. గోదావరి జిల్లాలవారు పురికి పోయి గంభీరను చూడక వచ్చిరనిన నాకు నమ్మశక్యము కాదు. కాని చాలమంది అట్లే వచ్చుచున్నారు.

రెండవ దినమున ఉదయము బడదండ వెంబడి నడువవలెను. రథయాత్రనాడు లక్షల జనము నిండు ఈ వీధి సామాన్య దినములందు వెడల్పైన బజారు. సింహద్వారమునుండి గుండిచా మందిరమునకు సుమారు 3 కిలోమీటర్లు. నడువలేనివారికి రిక్షాలున్నవి. దారికి ఎడముగా నరేంద్ర సరస్సు కలదు. అక్షయతృతీయ మొదలు 21 దినములు స్వామి ప్రతినిధియైన మదనమోహనుడు అచ్చట చందనయాత్ర సలుపును. ఆలయమునకు వాయవ్యముగా మార్కండేయ సరస్సున్నది. దానికి వేరుగా పోవలెను. గట్టుపై మార్కండేశ్వరుడు, సప్తమాతృకల విగ్రహములు ఉన్నవి.

గుండిచా మందిరము ఇంద్రద్యుమ్న మహారాజు రాణి పేర వెలసినది. రథయాత్రలో తొమ్మిది దినములు స్వామి విడిది. మిగిలిన సంవత్సరమంతయు వేదిక శూన్యముగా నుండును. శూన్యముగా నున్న గుడిలో చూడవలసినదేమి యని కొందరు మరలిపోవుదురు. నాకట్లు తోచదు. రథయాత్రకు ముందుదినమున చైతన్యులు శిష్యులతో కూడి చీపురులు, నీటికుండలు పట్టి ఆ మందిరమును కడిగిరి. ఎవరెంత దుమ్ము పోగుచేసిరో కొలిచి చూచి, తక్కువ తెచ్చినవారిని పరిహాసమాడిరట. ఆ గచ్చుపై నిలుచుట శూన్యమును చూచుట కాదు. ప్రక్కనే ఇంద్రద్యుమ్న సరస్సు. రాజు అశ్వమేధమున దానమిచ్చిన గోవుల గిట్టల త్రొక్కిడిచే ఏర్పడినదని కథ. తాబేళ్ళు అందు నివసించును.

ఈ సరస్సులందు నేడు మునుగుటకంటె, సంకల్పము చెప్పుకొని నీరు శిరస్సున ప్రోక్షించుకొనుట చాలును. మెట్లు పాకుడు పట్టియుండును, వృద్ధులు జారుదురు. పూజాద్రవ్యముల సంచులు, ప్లాస్టిక్కు పొట్లములు నీటిలో వేయువారిని చూచినప్పుడు మాత్రము మౌనము వహింపరాదు. తీర్థము పాడైన పిదప తీర్థయాత్ర యెక్కడిది?

ఆలయమునకు పడమరగా సుమారు 2 కిలోమీటర్ల దూరమున లోకనాథుడున్నాడు. ఈ శివలింగము ఏడాదిపొడుగునను ఊటనీటిలో మునిగియుండును. శివరాత్రికి ముందు పంకోద్ధార ఏకాదశినాడు నీరు తోడినప్పుడే లింగదర్శనము. మిగిలిన దినములలో నీటికి మ్రొక్కి రావలెను. లోపల ఆ నీటిని చూచుచు నిలిచినప్పుడు కనబడని దేవుని యెదుట మనస్సు ఎంతసేపు నిలువగలదో ఎవరికి వారికే తెలియును.

మూడవ దినము వెలుపలి గ్రామములకు. పురినుండి పది పండ్రెండు కిలోమీటర్లలో భార్గవీనది యొడ్డున రఘురాజపురమున్నది. ఊరు ఊరంతయు చిత్రకారులే. దీనిని బొమ్మలు కొను అంగడిగా తలపరాదు. జ్యేష్ఠపూర్ణిమనాడు స్వామికి 108 కలశములతో స్నానము జరుగును. అటుపిమ్మట జ్వరము సోకినదని పదునైదు దినములు ఏకాంతమున నుండును. అదియే అనసరము. ఆ దినములలో మూలమూర్తులకు బదులు వస్త్రముపై లిఖించిన పటములకే పూజ. పటచిత్రకళకు మూలమైన సేవ యదియే. రఘురాజపురమువారు చేయు విధము చూడదగినది. నూలుబట్టను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, రాళ్ళతో నునుపుచేయుదురు. తెలుపు శంఖమునుండి, ఎరుపు ఇంగిలీకమునుండి, పసుపు హరితాళమునుండి, నలుపు దీపపు మసినుండి వచ్చును. తాటియాకులపై గంటముతో గీచి, మసి రుద్ది చిత్రములు వ్రాయుట చూచినప్పుడు మా బాల్యపు తాళపత్రములు స్మరణకు వచ్చినవి. ఒడియా అక్షరము మన అక్షరమువలె గుండ్రముగా నుండుటకు ఆకు చీలకుండుటకై గంటము వంపులు తిరుగుటయే కారణమందురు. ఒక చిన్న పటమైనను వ్రాసినవాని చేతినుండియే కొనుడు. బేరమాడునప్పుడు అది ఎన్ని దినముల పనియో ముందుగా అడుగుడు.

అనసర కాలమున తెలియక పురికి పోయి, తలుపులు మూసియుండుట చూచి దుఃఖించువారు ప్రతి సంవత్సరము కలరు. జ్యేష్ఠపూర్ణిమకును రథయాత్రకును నడుమ ప్రయాణము పెట్టుకొనువారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ఒకవేళ పోయినచో నిరాశ వలదు. సుమారు 25 కిలోమీటర్ల దూరమున బ్రహ్మగిరిలో ఆలారనాథుడున్నాడు. నల్లరాతి చతుర్భుజ విష్ణుమూర్తి. స్వామి విరహము భరింపలేక చైతన్యులు ఆ దినములలో అచ్చటికే పోయెడివారు. నేటికిని అనసరమున భక్తులు అచ్చటనే దర్శనము చేసికొని, పాయస ప్రసాదము స్వీకరింతురు. ఆళ్వారుల నాథుడు ఆలారనాథుడైనాడని ఒక వ్యుత్పత్తి చెప్పుదురు.

తిరుగు ప్రయాణమున భువనేశ్వరపు దారిలో, పురికి సుమారు 20 కిలోమీటర్లలో సాక్షిగోపాలము వచ్చును. కొబ్బరితోటల నడుమనున్న గ్రామము. కన్యనిచ్చెదనని వృద్ధబ్రాహ్మణుడు బృందావనమున గోపాలుని యెదుట మాటయిచ్చి, ఇంటికి వచ్చి తప్పబోగా, వరుని వెంట స్వామియే నడచివచ్చి సాక్ష్యమిచ్చిన కథ అందరెరిగినదే. ఆ స్వామి దక్షిణమున విద్యానగరమున నిలిచియుండగా గజపతి పురుషోత్తమదేవుడు కటకమునకు తెచ్చెనని చైతన్య చరితామృతము వలన తెలియుచున్నది. పురికి పోయివచ్చినట్లు ఈ గోపాలుడే సాక్షి యని ఒడిశావారి నమ్మకము. అందుచేత ఆయనను చూడక ఇల్లు చేరరు. కార్తికమున ఉసిరిక నవమినాడు పోయినచో రాధాదేవి పాదదర్శనము కూడ లభించును. ఆ దినమున జనసమ్మర్దము మెండు. వృద్ధులతో పోవువారు వేరొక దినము చూచుకొనుట మేలు.